జపాన్ నుంచి నేరుగా వాడిన కారు తెప్పించుకుందామనుకుంటున్నా, డబ్బు పంపొచ్చా?

కాకినాడ_కాజా (హామిల్టన్, న్యూజిలాండ్)
అందరికీ నమస్కారమండి. హామిల్టన్ వచ్చి ఏడాది దాటింది. ఇన్నాళ్లూ బస్సు, లేదంటే రూమ్మేటు కారు. నాలుగు నెలల్లో అమ్మ వస్తోంది, ఇక సొంత బండి లేకపోతే కుదరదు. జపాన్‌లో ఒక ఎగుమతి కంపెనీ సైటులో టయోటా ఆక్వా చూశా. 2018 మోడలు, 62,000 కిలోమీటర్లు, గ్రేడు 4.5, ధర 6,20,000 యెన్లు. ఇక్కడి డీలర్లు అదే ఏడాది ఆక్వాకి చెప్పే రేటు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. వాట్సాప్‌లో అతను చాలా మర్యాదగా మాట్లాడుతున్నాడు. రేపటిలోగా సగం డబ్బు పంపితే కారు పక్కన పెడతానంటున్నాడు. పంపమంటారా? ఇలా తెప్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఆక్లాండ్_అల్లుడు
"రేపటిలోగా" అన్నాడా? అక్కడే ఆగిపో తమ్ముడూ. ఆక్వాలు జపాన్‌లో లక్షల్లో ఉన్నాయి. ఇది పోతే ఇంకోటి దొరుకుతుంది.

ఒంగోలు_గిత్త
మర్యాద ఎక్కువైతే మావాళ్లు పెళ్లిసంబంధాన్నే అనుమానిస్తారు. ఇది కారు 😄

కరీంనగర్_స్పానర్ (ఆక్లాండ్)
తమ్మీ, నేను ఆరేండ్ల సంది ఇక్కడ కంప్లయన్స్ షాపుల, అంటె బయటి బండ్లు ఇక్కడి రూల్స్‌కు సరిపోతయా అని చూసే కాడ, పనిచేస్తున్న. ఓడ దిగిన జపాన్ బండ్లు నంబరు ప్లేటు వచ్చేదాక మా చేతులల్లనే ఉంటయి. అందుకే జర పొడుగు రాస్తున్న, ఓపికతోని చదువు.

జపాన్‌ల వాడిన కార్లు ఎక్కువగ వేలంలనే చేతులు మారుతయి. యూఎస్‌ఎస్ టోక్యో అని చిబా జిల్లాల నోడా ఊర్ల ఉంటది, గురువారం గురువారం వేలం. దేశమంతట అసొంటివి మస్తుగున్నయి. వేలంకు వచ్చిన ప్రతి బండికి ఒక షీటు ఉంటది. దాని మీది గ్రేడు అమ్మెటోడు వెయ్యడు, వేలం ఇన్‌స్పెక్టరు వేస్తడు. దాని విలువంత గాడనే ఉన్నది. 5, 4.5 అంటె మంచిగున్నట్టు. 4, 3.5 అంటె వాడకం కనిపిస్తది గని భయం లేదు. ఆర్ అనో ఆర్ఏ అనో ఉంటె గుద్దుకొని రిపేరైన బండి. లోపలి సీట్లకు వేరే అక్షరం ఉంటది, ఏ నుంచి డి దాక.

కింద కారు బొమ్మ గీసి ఉంటది. దాని మీద ఏ1 అంటె చిన్న గీత, యూ1 అంటె చిన్న సొట్ట, డబ్ల్యూ అంటె పుట్టీ పెట్టి మళ్ల పెయింటు కొట్టిండ్రు. ఎస్ అంటె తుప్పు. రెండు ఎక్స్‌లు కనిపిస్తె ఆ పార్టు మార్చిండ్రన్నట్టు. గీతలకు భయపడకు, తుప్పుకు భయపడు. మంచు పడే చోట రోడ్ల మీద ఉప్పు చల్లుతరు, ఆడ తిరిగిన బండి పైకెంచి మెరిసినా కిందికెంచి తినేసి ఉంటది.

నువ్వు చేయవలసింది ఒక్కటే. పూర్తి షాసీ నంబరు, వేలం తేది, లాట్ నంబరు, షీటు పూర్తి ఫొటో అడుగు. ఈ నాలుగు ఇస్తె ఆ షీటు అసలుదేనా అని వేరే వాళ్లతోని తీయించి చూసుకోవచ్చు, దానికయ్యే ఖర్చు చిల్లర. ఇయ్యకుంటె ముచ్చట ఆడికే అయిపోయింది.

కాకినాడ_కాజా
చాలా థాంక్స్ అన్నా. అడిగాను. షీటు ఫొటో వెంటనే పంపాడు కానీ షాసీ నంబరులో చివరి మూడు అంకెలు తెల్లరంగుతో కొట్టేసి ఉన్నాయి. "కస్టమర్ సెక్యూరిటీ కోసం" అంటున్నాడు. షీటు మీద జపనీసు తప్ప ఏమీ లేదు. నాకు తెలిసింది ఇంతే: పైన 4.5, ఎడమవైపు చేత్తో రాసిన "హెచ్26", తర్వాత 62 అనే అంకె. ఆ హెచ్26 ఏంటి?

ఆక్లాండ్_అల్లుడు
ఆ హెచ్26 లోనే గుట్టంతా ఉంది. జపాన్‌వాళ్లు చక్రవర్తి కాలాన్ని బట్టి సంవత్సరం రాస్తారు. హెచ్ అంటే హేసే. ఆ అంకెకి 1988 కలుపు. 26కి కలిపితే 2014. 2018 అయితే హెచ్30 అని ఉండాలి. హేసే 2019 ఏప్రిల్ 30తో ముగిసింది, మే 1 నుంచి రేవా. దానికి ఆర్ అని రాసి పక్కన సంవత్సరం వేస్తారు, 2018 కలుపుకుంటే సరి. ఆ ఆర్‌ని గ్రేడులోని ఆర్ అనుకోకు, గడి చూసి చదవాలి.

కరీంనగర్_స్పానర్
గట్లనా! కారు ముందు నుంచి తీసిన ఫొటో పెట్టు తమ్మీ. ఆక్వాకు 2017 జూన్‌ల ముఖం మార్చిండ్రు, హెడ్‌లైట్లు చూస్తెనే తెలిసిపోతది.

కాకినాడ_కాజా
పెట్టాను చూడన్నా.

కరీంనగర్_స్పానర్
ఇది కొత్త ముఖం. అంటె ఫొటోల ఉన్నది 2017 తర్వాతి బండి, షీటేమో 2014 బండిది. ఈ కాగితం ఈ కారుది కాదు. ఫొటో ఒకదాని నుంచి, షీటు ఇంకోదాని నుంచి తెచ్చిండు. గా 62 కూడ ఆ వేరే బండి మీటరే.

కాకినాడ_కాజా
అడిగేశాను. జవాబు ఉన్నదున్నట్టు: "ఫొటోలు నమూనా కోసం సార్, బండి ఇంతకంటే బాగుంటుంది." అంతే, బ్లాక్ చేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయండి. నిజం చెప్పాలంటే రాత్రే బ్యాంకు యాప్ తెరిచి అంకెలు కూడా కొట్టాను. రోజువారీ పరిమితి అడ్డొచ్చి ఆగింది.

ఒంగోలు_గిత్త
ఆ పరిమితి పెట్టిన బ్యాంకు మేనేజరుకి ఒక కొబ్బరికాయ కొట్టు.

తెనాలి_వెన్నెల (క్రైస్ట్‌చర్చ్)
తమ్ముడూ, నీకు అమ్మినవాడు దొంగ. నాకు అమ్మినవాళ్లు మంచివాళ్లే, అయినా డబ్బు పోయింది. అందుకే చెబుతున్నా.

రెండేళ్ల కిందటి మాట. కంపెనీ నిజమైనదే, మా వారి స్నేహితులు ఇద్దరు వాళ్ల దగ్గర కొన్నారు. మెయిల్లో ఇన్వాయిస్ వచ్చింది, అడ్వాన్సు కట్టాం, అందిందన్నారు. మిగతా సొమ్ము కట్టే రోజు పొద్దున్నే ఇంకో మెయిలు. "ఆడిట్ జరుగుతున్నందున ఈ ఖాతాకి పంపండి" అని. అదే సంతకం, అదే లోగో, మా పాత ఉత్తరాలన్నీ కింద అలాగే ఉన్నాయి. పంపేశాం. నాలుగు రోజుల తర్వాత అసలు కంపెనీ అమ్మాయి ఫోన్ చేసి "మీ బ్యాలెన్సు ఇంకా రాలేదండీ" అంది. కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. మెయిలు అడ్రసు మళ్లీ చూస్తే పేరు మధ్యలో ఒక్క అక్షరం తేడా. ఎవరో వాళ్ల మెయిల్లో కూర్చుని అంతా చదువుతున్నారన్నమాట. బ్యాంకు వెనక్కి రప్పించడానికి ప్రయత్నించింది, అందులో సగం కూడా రాలేదు.

ఇప్పుడు ఎవరడిగినా ఒకటే చెబుతున్నా. ఖాతా మార్చామని మెయిలొస్తే దానికి జవాబు రాయొద్దు, అందులో ఉన్న నంబరుకి ఫోనూ చేయొద్దు. మొదటి రోజు నుంచి మన దగ్గరున్న నంబరుకి చేసి, ఖాతా అంకెలు వాళ్ల నోటితో చదివించుకోవాలి. ఖాతా కంపెనీ పేరు మీదే, జపాన్ బ్యాంకులోనే ఉండాలి. మనిషి పేరు మీదున్నా, మూడో దేశంలో ఉన్నా కాదని చెప్పేయాలి. ఇక్కడి బ్యాంకులు ఈమధ్య పేరూ ఖాతా సరిపోల్చి చూపిస్తున్నాయి కదా అనుకోకండి, అది దేశం లోపలి చెల్లింపులకే.

ఆక్లాండ్_అల్లుడు
వెన్నెలక్క చెప్పినదానికి తోడు ఇంకోటి. జపాన్‌లో ప్రతి కంపెనీకి 13 అంకెల సంఖ్య ఉంటుంది, అక్కడి పన్నుల శాఖ సైటులో కొడితే పేరు, చిరునామా వస్తాయి. వాడిన సరుకు అమ్మేవాళ్లకి ఆ జిల్లా ప్రజా భద్రతా కమిషన్ ఇచ్చే లైసెన్సు వేరే ఉంటుంది, దానికి 12 అంకెలు. నిజమైనవాళ్లు ఆ నంబరు సైటులోనే పెట్టుకుంటారు. జుమ్‌వియా అని వాడిన వాహనాల ఎగుమతిదారుల సంఘం ఉంది, సభ్యులో కాదో అక్కడ చూసుకోవచ్చు. ఇవన్నీ ఉన్నంత మాత్రాన బండి మంచిదని కాదు, మనిషి ఉన్నాడని మాత్రమే.

నైరోబీ_నాయుడు (కెన్యా)
మా దగ్గర రోడ్డు మీద పదిలో ఎనిమిది బండ్లు జపాన్ నుంచి దిగినవే అనిపిస్తుంది, నా కళ్ల లెక్క అది. ఇక్కడ రూల్ గట్టిది. ఎనిమిదేళ్లు దాటిన బండి రానివ్వరు. 2025లో అయితే 2018లోనో ఆ తర్వాతో మొదటిసారి రిజిస్టరైనవే రానిచ్చారు. స్టీరింగు కుడివైపే. ఓడ ఎక్కకముందే అక్కడ తనిఖీ చేయించి సర్టిఫికెట్ తేవాలి.

మా ఆఫీసులో ఒకాయన 2017 డిసెంబరులో రిజిస్టరైన బండికి డబ్బు కట్టేశాడు. తయారీ ఏడాదిని బట్టి ఒక లెక్క, రిజిస్ట్రేషనుని బట్టి ఇంకో లెక్క వేసుకుని, నెల తేడాయే కదా అనుకున్నాడు. మొంబాసా అధికారులకి ఆ నెలతో పనిలేదు. ముందు నీ దేశం రూలు చదువు, తర్వాత కారు ఫొటో చూడు. మనం దీన్ని తిరగేసి చేస్తాం.

కరీంనగర్_స్పానర్
నాయుడన్న కరెక్టు చెప్పిండు. న్యూజిలాండ్‌ల వయసు పరిమితి గట్ల లేదు గని వేరే జల్లెడలున్నయి. ముందలి గుద్దుడుకు తట్టుకునే ప్రమాణం, పొగ ప్రమాణం ఉండాలె. ఈఎస్‌సీ, అంటె బండి జారకుంట పట్టుకునే వ్యవస్థ, 2020 మార్చి 1 నుంచి చిన్న ఇంజన్లకు కూడ తప్పనిసరి. జపాన్ కాగితం మీద మోడల్ కోడ్ "డీఏఏ-ఎన్‌హెచ్‌పీ10" అని ఉంటది చూడు, అండ్ల గీతకు ముందలి మొదటి అక్షరమే పొగ ప్రమాణం. 2018 తర్వాతి ప్రమాణం బండ్లకు ఆ జాగల అంకె ఉంటది, 6ఏఏ లెక్క. కొనకముందే ఆ కోడ్‌తోని ఇక్కడి రవాణా సంస్థ నిబంధనల్ల చూసుకోవాలె. బండి దిగినంక ఫెయిలైతె దాన్ని ఏం చేసుకుంటవ్, కోళ్ల గూడు చేస్తవా?

ఇంకోటి. క్లీన్ కార్ స్టాండర్డ్ అని 2023 సంది ఉన్నది. కార్బన్ ఎక్కువ వదిలే బండి తెస్తె ఛార్జీ పడతది. ఆక్వా, ప్రియస్ అసొంటి వాటితోని భారం తక్కువ. పెద్ద వ్యాను తెచ్చుకునెటోళ్లు మాత్రం ముందుగల లెక్క వేసుకోండ్రి.

పాలమూరు_పిల్ల (వెల్లింగ్టన్)
స్పానరన్నా, మీటర్ తిప్పిండ్రా లేదా ఎట్ల తెలుస్తది? నా ఫ్రెండు బండి 48,000 అన్నరు, స్టీరింగు తోలేమో గీకినట్టున్నది.

కరీంనగర్_స్పానర్
జపాన్‌ల కొత్త బండికి మూడేండ్లకు, తర్వాత రెండేండ్లకొకసారి షాకెన్ అని తనిఖీ ఉంటది. అప్పుడు మీటర్ అంకె సర్కారు కాగితం మీద ఎక్కుతది. ఎగుమతి కోసం రిజిస్ట్రేషన్ రద్దు చేసినప్పుడు ఇచ్చే సర్టిఫికెట్ మీద కూడ ఆ అంకె వస్తది. మీ ఫ్రెండును ఆ కాగితం ఒరిజినల్ తీయమను. సర్టిఫికెట్ల అంకె, వేలం షీటుల అంకె, బండి మీద అంకె వరుసగ పెరుగుకుంట రావాలె. నడుమల యాడన్న దిగితె కథ ఖతం.

స్టీరింగు తోలు, బ్రేకు పెడల్ రబ్బరు, డ్రైవరు సీటు కుడి అంచు, ఈ మూడు అబద్ధం చెప్పవు. 48,000కు పెడల్ రబ్బరు నున్నగ కాదు.

బెజవాడ_బండి (విజయవాడ)
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా బాబాయి ఆక్లాండ్‌లో ఉంటారు, ఆయన కారు కూడా కుడి స్టీరింగే కదా, ఇండియాకి పంపిస్తానంటున్నారు. కుదురుతుందా?

ఆక్లాండ్_అల్లుడు
వాడిన కారైతే తయారై మూడేళ్లు దాటకూడదు, ముంబయి రేవులోనే దించాలి, అక్కడి ప్రమాణాల పరీక్షలు పాసవ్వాలి, ఇంకో ఐదేళ్లు నడిచే స్థితిలో ఉందని చూపాలి. ఇవన్నీ దాటినా సుంకాలు, పన్నులు కలిపితే కారు ధరనే మించిపోతాయి. బాబాయిగారిని కారు అక్కడే అమ్మేసి డబ్బు పంపమను. పండక్కి కొత్త స్విఫ్ట్ కొనుక్కో.

బెజవాడ_బండి
😂 బాబాయికి ఈ లింకు పంపిస్తున్నా.

నెల్లూరు_నిఖార్సు (ఆక్లాండ్)
అందరూ ఎలా తెప్పించుకోవాలో చెబుతున్నారు, అసలెందుకు తెప్పించుకోవాలో ఎవరూ అడగట్లేదు. ఒక్క మామూలు ఆక్వా కోసం ఇంత తలనొప్పి దండగ. కారు ధర మీద ఓడ కిరాయి, దాని మీద ఇన్సూరెన్సు, ఆ మొత్తం మీద 15 శాతం జీఎస్‌టీ, రేవు ఖర్చులు, కంప్లయన్స్, రిజిస్ట్రేషన్. అన్నీ కూడితే డీలరు రేటుకి అటూ ఇటూగా వస్తుంది. డీలరు యాభై కార్లు ఒకేసారి దించుతాడు కాబట్టి అతనికి చవక.

పైగా డీలరు దగ్గర కొంటే ఇక్కడి చట్టం నీ వెనకుంటుంది. 1993 నాటి వినియోగదారుల హామీల చట్టం ఉంది. తేడా వస్తే మోటారు వాహనాల ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, లక్ష డాలర్ల దాకా అక్కడ తేలుతుంది, లాయరు అక్కర్లేదు. నేను వెళ్లాను, గేర్‌బాక్సు డబ్బు వెనక్కొచ్చింది. జపాన్‌లో ఉన్నవాడి మీద ఏ ట్రిబ్యునల్‌కి వెళ్తావు?

కరీంనగర్_స్పానర్
నిఖార్సన్న మాట కొట్టిపారేసెడిది కాదు. నేనే మా తమ్మునికి డీలరు కాడ ఇప్పించిన. గని ఒక్క తేడా ఉన్నది. డీలరు కాడున్న బండి గ్రేడు ఎంతనో మనకు తెలవది, షీటు చూపియ్యమంటె పదిమందిల ఇద్దరు చూపిస్తరు. మనమే వేలంల ఎత్తుకుంటె ఏం కొంటున్నమో తెలిసి కొంటం. ఇక్కడనే ఉండే ఏజెంటును పెట్టుకుంటె నడిమి దారి. జపాన్‌ల ఉన్నోనికి కాదు, ఇక్కడి ట్రేడరుగ రిజిస్టరైనోనికి డబ్బు కట్టు.

తెనాలి_వెన్నెల
నా ఓటు కూడా దానికే. ఇన్సూరెన్సు మాత్రం మర్చిపోవద్దు. ఓడలో అద్దం పగిలినా ఎవరూ "మేం పగలగొట్టాం" అనరు.

కాకినాడ_కాజా
(నాలుగు నెలల తర్వాత)
అందరికీ మళ్లీ నమస్కారం. కారు వచ్చింది! స్పానరన్న చెప్పినట్టు ఇక్కడే రిజిస్టరైన ఏజెంటు ద్వారా తెప్పించా. వేలానికి ముందే షీటు పంపారు. 2018, గ్రేడు 4, లోపల బి, 71,000. వెనక ఎడమ తలుపు మీద యూ2. సొట్ట సరిగ్గా బొమ్మలో గీసిన చోటే ఉంది, వేలు పెట్టి చూసుకున్నా, భలే ఆనందమేసింది. ఎగుమతి సర్టిఫికెట్‌లో 2023 తనిఖీ నాటికి 58,000 చిల్లర అని ఉంది, లెక్క సరిపోయింది. ఆక్వా కుదిరింది గానీ నేననుకున్న ధరకి కాదు. నిఖార్సన్న చెప్పినట్టే అన్నీ కూడితే డీలరు కంటే కొద్దిగా తక్కువ, అంతే.

ఆలస్యమైంది మాత్రం పురుగు వల్ల. దుర్వాసన పురుగు సీజనని బండిని జపాన్‌లో వేడి గదిలో పెట్టాలట, అక్కడ క్యూ. 2018లో ఈ పురుగులు కనబడ్డాయనే కార్ల ఓడల్ని ఆక్లాండ్ నుంచి వెనక్కి పంపేశారని ఏజెంటు చెప్పాడు. కంప్లయన్స్‌లో బ్రేకు డిస్కులకి తుప్పని ఒకసారి ఫెయిలైంది, రుద్ది పాస్ చేశారు.

ఇప్పుడు అసలు సమస్య. అమ్మ వచ్చింది. స్టార్ట్ చేసినప్పుడల్లా కారులోంచి ఒకావిడ జపనీసులో ఏదో అంటోంది. అమ్మ మొదటిరోజు "ఎవర్రా ఆవిడ?" అని వెనక సీటు చూసింది. ఎలా ఆపాలి?

కరీంనగర్_స్పానర్
హహ్హ. అది ఈటీసీ డబ్బా తమ్మీ. జపాన్ టోల్ గేట్ల కార్డు పెట్టేది. "కార్డు పెట్టలే" అని మొత్తుకుంటది. స్టీరింగు కిందనో గ్లవ్ బాక్సులనో అగ్గిపెట్టె కన్న జర పెద్దగ ఉంటది. తీగ పీకెయ్, నోరు మూస్తది.

కాకినాడ_కాజా
దొరికింది! కానీ అమ్మ పీకొద్దంటోంది. "రోజూ పొద్దున్నే పలకరిస్తోంది పాపం" అని.

సరే, రేడియో సంగతి చెప్పన్నా. 95 దాటి పైకి వెళ్లట్లేదు.

కరీంనగర్_స్పానర్
జపాన్ ఎఫ్ఎం 76 నుంచి 95 దాకనే. ఇక్కడ 88 నుంచి 108. ఏరియల్ తీగకు బ్యాండ్ ఎక్స్‌పాండర్ అని చిన్న ముక్క పెట్టాలె. బ్యాటరీ తీగ మాత్రం ఇప్పొద్దు, కరెంటు పోతె స్క్రీను లాకై జపనీసుల కోడ్ అడుగుతది. శనివారం ఆక్లాండ్ వచ్చేదుంటె షాపుకు తీసుకరా, పది నిమిషాల పని. అమ్మను గూడ తోలుకరా, మా ఇంట్ల సకినాలు చేసిండ్రు.